తిరువయ్యారు సమాధి

బమ్మెర పోతరాజు మా ఓరుగంటి సీమవాడని మేము గర్వింతుము. ఒంటిమిట్టవా రొప్పకున్న నది వేఱుమాట. ఆ పోతరాజును తన ప్రహ్లాదభక్తివిజయమున స్తుతించిన త్యాగరాజస్వామి అరవదేశమున, కావేరియొడ్డున, తెలుగున పాడి తనువు చాలించెను. ఈ చుట్టరికమును బట్టి ఆ గాయకుని సమాధికథ నిచ్చట వ్రాయుచున్నాము.

1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, స్వామి సిద్ధిపొందెను. అంతకు కొలది దినములకు ముందే సన్న్యాసము స్వీకరించి యుండుటచే, ఆయన దేహమును దహింపక ఏటిగట్టున సమాధిచేసి పైన బృందావనము కట్టిరి. శిష్యులు ఒక్కరొక్కరుగా గతించిరి, సమాధి పాడువడెను. 1903లో ఉమయాళ్‌పురము కృష్ణభాగవతులు, సుందరభాగవతులు దానిని బాగుచేయించిరి. పిమ్మట ఆరాధనలు ఘనముగనే సాగినవి గాని, విద్వాంసులలో కక్షలు పుట్టి పెద్దకచ్చి, చిన్నకచ్చి యని రెండు పక్షము లేర్పడెను. ఉత్సవములకు రెండు పక్షము లున్నవి. సమాధిని జూచువారు మాత్రము లేరైరి.

1921లో బిడారము కృష్ణప్పగారు ఈ దురవస్థను బెంగుళూరు నాగరత్నమ్మగారికి జాబు వ్రాసి తెలిపిరి. ఆమె దేవదాసీకులమున బుట్టిన విదుషి. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో ఏమియు తగ్గింపక అచ్చొత్తించి, పండితుల యాగ్రహమునకును సర్కారు నిషేధమునకును పాత్రురాలైనది ఆమెయే; ఆ నిషేధము 1947లోగాని తొలగలేదు. ఆమె స్థలము సంపాదించి, తాను పాడి గడించిన సొమ్ము వెచ్చించి, సమాధిపై ఆలయము కట్టించెను. 1925 జనవరి 7వ తేదీన ప్రతిష్ఠ జరిగెను.

ఇక వినుడు. గుడి కట్టించిన యామెకే ఆరాధనలో ఆ సన్నిధిని పాడుట కనుజ్ఞ లేకపోయెను! ఆడుది, అందును దేవదాసి యనుటయే కారణము. ఆమె ధనమునకు లేని మైల కంఠమునకు మాత్ర మెట్లంటెనో ఆ పెద్దలే చెప్పవలెను. నాగరత్నమ్మగారు వెనుదీయలేదు. 1927లో తోడి గాయనులను గూర్చుకొని, ఆలయము వెనుకతట్టున స్త్రీల యారాధన వేఱుగ ప్రారంభించెను. రెండు కచ్చులకు ఇది మూడవది. 1940-41 నాటికిగాని మూడును ఒక్కటి కాలేదు.

అంతటితో ఆమె నమ్మి యూరకుండలేదు. 1949లో వీలునామా వ్రాసి తన యాస్తి నంతయు స్వామిసేవకే విడిచెను గాని, స్త్రీలకు, విశేషించి దేవదాసీలకు, అచ్చట సేవచేయు హక్కు ఉండవలెనని నియమము చేర్చెను. 1952లో ఆమె మరణింపగా, స్వామి సన్నిధి కెదురుగనే సమాధి కట్టిరి. అందలి ఆమె విగ్రహము చేతులు జోడించి స్వామివంకకే చూచుచున్నది.