బాంబుల మోత విన్న బడిపిల్లలు

నేను లండన్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను. 2022లో యుక్రెయిన్ నుంచి వచ్చిన ఒక బాబు, తలుపు ధడాలున మూసుకుంటే చాలు, బల్ల కిందికి దూరేవాడు. అల్లరనుకుని మొదట్లో కసిరాను. తప్పు నాదే.

యుద్ధం చూసిన పిల్లల్లో పక్క తడపడం, అమ్మను వదలకపోవడం, ఊరికే కొట్లాటకు దిగడం, పాఠం మీద మనసు నిలవకపోవడం, బాంబుల ఆటే మళ్ళీ మళ్ళీ ఆడటం తరచుగా కనిపిస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇదే లండన్‌లో, హాంప్‌స్టెడ్‌లో శిశుగృహాలు నడిపిన ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ బాంబుల కంటే తల్లికి దూరం కావడమే పసివాళ్ళను ఎక్కువగా కుంగదీస్తుందని గమనించారు. ఈ బాబు నాన్న కీవ్‌లోనే ఉండిపోయాడు.

తరువాత వాడు బల్ల కిందికి వెళ్ళినప్పుడల్లా నేనూ పక్కన నేలమీద కూర్చునేదాన్ని. మీ పిల్లల తరగతిలో అలాంటివారుంటే, యుద్ధం సంగతులు అడగకుండా ఆటకు పిలవమని చెప్పండి.