నల్లగొండ, పాలమూరుల్లో ఆత్మహత్య ఆలోచనలకు అత్యవసర సాయం

నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పుకుని ఆసుపత్రి మెట్లెక్కాలంటే చాలాకాలం రెండు భయాలు అడ్డొచ్చేవి. ఒకటి పోలీసు కేసు, రెండోది ఎర్రగడ్డ.

మొదటి భయానికి మూలం 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషికి ఏడాది దాకా జైలు అన్నది అదే. నిజాం రాజ్యానికి సొంత శిక్షాస్మృతి ఉండేది కనుక, ఈ జిల్లాలకు ఆ సెక్షన్ 1951లో గానీ రాలేదు. చట్టం పట్టుకున్నది ప్రయత్నాన్నే. ఆలోచన ఎన్నడూ నేరం కాదు. ఊళ్లో ఆ తేడా ఎవరికి పట్టింది? క్యాజువాలిటీలో చీటీ మీద ‘ఎమ్మెల్సీ’ (మెడికో-లీగల్ కేసు) అని పడితే కానిస్టేబుల్ వచ్చి వాంగ్మూలం రాసుకునేవాడు. అందుకే వెంట వచ్చినవాళ్లు ‘పొరపాటున జరిగింది సారూ’ అనేవారు. పొరపాటని రాశాక, మనసు సంగతి అడిగే అవసరం ఎవరికీ కనిపించేది కాదు. సుప్రీంకోర్టు 1994లో ఈ సెక్షన్‌ను కొట్టేసి, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో మళ్లీ నిలబెట్టింది.

ఇక ఎర్రగడ్డ. హైదరాబాద్‌లోని ఆ ప్రభుత్వ మానసిక వైద్యశాల రెండు పట్టణాలకూ దాదాపు వంద కిలోమీటర్ల దూరం. పైగా ఆ పేరే ఎగతాళి మాటైపోయింది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మొదట ఎంపికైంది మెదక్, ఈ రెండు జిల్లాలు కాదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ ఆసుపత్రి దారిని దగ్గర చేసింది. ప్రభుత్వ వైద్య కళాశాల మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో వచ్చింది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, వైద్యం ప్రభుత్వ బాధ్యతనీ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 309 లాంటి సెక్షనే లేదు; ప్రభుత్వోద్యోగిపై విధుల విషయంలో ఒత్తిడి తేవడానికి చేసే ఆత్మహత్యా ప్రయత్నం మాత్రం నేరంగానే ఉంది.

ఇవాళ అత్యవసర విభాగంలో మొదట చూసేది ఒంటి పరిస్థితి. తర్వాత డాక్టరు దాచకుండా అడుగుతాడు: చచ్చిపోవాలనిపిస్తోందా, ఎప్పటినుంచి, నిద్ర పడుతోందా, మందు అలవాటుందా, అప్పులున్నాయా? అలా అడిగితే ఆ ఆలోచన పెరగదు. రోగిని ఒంటరిగా వదలరు. ప్రమాదం తక్కువనిపిస్తే, పురుగుల మందు, మాత్రలు తాళంలో పెట్టమని ఇంటివాళ్లకు చెప్పి, మళ్లీ ఏ రోజు రావాలో రాసిస్తారు. ఎక్కువనిపిస్తే చేర్చుకుంటారు. అత్యవసర వైద్యం ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా మొదలుపెట్టవచ్చు, మామూలుగా 72 గంటల వరకు. ఊళ్లలో జనం భయపడే ‘కరెంటు షాకు’ను ఈ అత్యవసర వైద్యంలో వాడడానికి చట్టం ఒప్పుకోదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి.

ఇంటినుంచే మాట్లాడాలనుకునేవారికి 2022 అక్టోబరు 10న టెలిమానస్ సహాయవాణి వచ్చింది. నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వస్తే 108.