రియాజ్: గుర్రప్పిల్ల చెప్పిన సబక్

మేం చదివిన ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ సాబ్ చేతిలో ఎప్పుడూ బెత్తం ఉండేది. సబక్ తప్పితే అరచేతులు కమిలిపోయేవి. ‘దెబ్బ పడందే ఇల్మ్ రాదు’ అని ఇంట్లో బుజుర్గులూ వంత పాడేవారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను.

ఒకరోజు లుగత్‌లో ‘రియాజత్’ అనే లఫ్జ్ వెతికాను. గవాయీలు తెల్లవారుజామున చేసే రియాజ్, సూఫీల రియాజత్ మనకు తెలిసినవే. కానీ అరబ్బీలో ఆ ధాతువుకు ఇంకో మానీ ఉంది: గుర్రప్పిల్లను మచ్చిక చేసి సవారీకి అలవాటు చేయడం!

గుర్రం వేటజంతువుల నుంచి పారిపోయి బతికిన జీవి. వీపు మీద ఏం పడినా దానికి జాన్ కా ఖతరా. అందుకే ముందు మనిషి చేయి అలవాటు కావాలి. తర్వాత వీపు మీద బట్ట, ఆ తర్వాత జీను, లగాము. చివరికి మనిషి బరువు. ఒక మెట్టు దగ్గర ఖౌఫ్ పోయాకే ఇంకో మెట్టు. దీనికి కావలసింది బలం కాదు, సబ్ర్.

క్రీ.శ. 9వ శతాబ్దంలోనే, అబ్బాసీ ఖలీఫాల జమానాలో, ఇబ్న్ అఖీ హిజామ్ గుర్రపు స్వారీ మీద, గుర్రాల వైద్యం మీద కితాబ్ రాశారు. ఈ హునర్ పేరు ఫురూసియ్యత్. మన హిందుస్తాన్‌లో అబుల్ ఫజల్ ‘ఆయీనె అక్బరీ’లో బాద్షా గుర్రపుశాల నౌకర్ల జాబితా ఇచ్చాడు. గుర్రాలకు తొలి నడకలు నేర్పేవారు హాడా రాజపుత్రులు. రెండు గుర్రాలకు ఒక సాయీస్. దిష్టి తగలకుండా సిపంద్ గింజల పొగ వేయడానికీ ఒక మనిషి!

ఆ జాబితాలోనే ‘చాబుక్ సవార్’ ఉన్నాడు. చాబుక్ అనగానే మనకు కొరడా గుర్తొస్తుంది. ఫార్సీలో ఆ మాటకు ‘చురుకైన’ అని కూడా అర్థం. అంటే అతను కొరడా రౌతు కాదు, చురుకైన రౌతు.

అందరూ రహమ్‌దిల్ అని అనను. ముళ్ల లగాములూ ఉండేవి. కానీ కొరడాకు భయపడి నడిచే గుర్రం, జంగ్‌లో అంతకన్నా పెద్ద భయం ఎదురైతే ఎవరి మాట వింటుంది? సవార్ జాన్ దాని భరోసా మీదే ఉండేది.

హజ్రత్ ఆయిషా (రజి.) ఒకసారి మొండి ఒంటెనెక్కి దాన్ని అటూఇటూ తిప్పుతుంటే, నర్మీగా ఉండమని హుజూర్ (స.) చెప్పిన సంగతి సహీ ముస్లింలో ఉంది. జంతువుకే అంత నర్మీ అయితే, మన బచ్చాల హక్ ఎంత?

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు సబక్ మరిచిపోతే గొంతు పెంచబోయి ఆగిపోతాను. ముందు ఖౌఫ్ పోనీ, పాఠం తర్వాత.