పిల్లల్లో ఆసుపత్రి రక్త ఇన్ఫెక్షన్ల నివారణ: చరిత్ర

ఆసుపత్రిలో చేరిన పిల్లల రక్తంలోకి క్రిములు ప్రవేశించే ప్రధాన మార్గాల్లో సెంట్రల్ లైన్ ఒకటి. మెడ, ఛాతీ లేదా తొడ దగ్గరి పెద్ద సిరలో అమర్చే సన్నని గొట్టమిది. చర్మం మీది స్టెఫైలోకాకస్ వంటి బాక్టీరియా గొట్టం వెంబడి గానీ, మందు ఎక్కించే మూత గుండా గానీ రక్తంలో కలుస్తుంది.

పేగులు పనిచేయని పసికందుకు పూర్తి పోషణను సిర ద్వారానే అందించిన వైనాన్ని 1968లో ఫిలడెల్ఫియా వైద్యులు డగ్లస్ విల్మోర్, స్టాన్లీ డుడ్రిక్ ప్రచురించారు. అప్పటి నుంచి లైను వారాలు, నెలల తరబడి ఉంచాల్సి వచ్చింది, దాంతో ఇన్ఫెక్షన్ల బెడదా పెరిగింది. 1973 నాటి బ్రోవియాక్ గొట్టానికి చర్మం కింద డాక్రాన్ పట్టీ ఉండేది. దాని చుట్టూ కణజాలం పెరిగి గొట్టాన్ని పట్టి ఉంచేది, క్రిములకూ అడ్డుపడేది.

ఇటువంటి ఇన్ఫెక్షన్లు తప్పనివన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. 2001లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనొవోస్ట్ ఐదు అంశాల జాబితా తయారుచేశారు: చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రపరచడం, రోగిని స్టెరైల్ గుడ్డలతో పూర్తిగా కప్పడం, తొడ సిరను వీలైనంత వరకు వాడకపోవడం, అవసరం తీరగానే లైను తీసేయడం. మిషిగన్ ఐసీయూల్లో దీన్ని అమలు చేశాక ఇన్ఫెక్షన్ల సగటు రేటు వెయ్యి కాథెటర్ రోజులకు (రోగులకు లైను ఉన్న మొత్తం రోజుల లెక్క) 7.7 నుంచి 1.4కు తగ్గిందని 2006లో వెల్లడైంది.

పిల్లల విషయంలో ఆ జాబితా ఒక్కటే చాలలేదు. అమెరికాలో 29 పిల్లల ఐసీయూల ఉమ్మడి కృషి ఫలితాలు 2010లో వెలువడ్డాయి. అదే లెక్కన రేటు 5.4 నుంచి 3.1కి తగ్గింది. ఈ తగ్గుదలకు ప్రధాన కారణం లైను వేసే పద్ధతి కాదు, వేశాక రోజూ తీసుకునే జాగ్రత్త. నర్సు మందు ఎక్కించే ప్రతిసారీ మూతను క్రిమినాశినితో గట్టిగా రుద్ది ఆరనివ్వాలి. డ్రెస్సింగ్ తడిసినా, ఊడినా వెంటనే మార్చాలి. లైను ఇంకా అవసరమా అని ప్రతి రోజూ చూడాలి.

యాంటీబయాటిక్ పూత ఉన్న గొట్టాలు పిల్లల ఐసీయూల్లో రక్త ఇన్ఫెక్షన్లను తగ్గించాయని 2016లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. నవజాత శిశువులకు మాత్రం మందు పూత గొట్టాల వల్ల అలాంటి మేలు కనిపించలేదని అక్కడిదే 2019 నాటి మరో పరిశోధన చెప్పింది.

భారత్‌లో సమస్య తీరు కొంత వేరు. ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో నవజాత శిశువులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా బాక్టీరియా ఎక్కువగా కనిపించాయి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపే ప్రమాదకర స్థితి) కేసుల్లో మూడింట రెండొంతులు పుట్టిన 72 గంటల్లోనే మొదలయ్యాయి. అందువల్ల ఇక్కడ నివారణ చర్యలు కాన్పు గది శుభ్రత, సిబ్బంది చేతుల శుభ్రతతోనే మొదలవ్వాల్సి ఉంటుంది.