వరద రాకముందే చేయాల్సిన పని: గోదావరి లంకలు, దళితపేటలు

ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలకు పైగా, 1986 ఆగస్టులో 35 లక్షలకు పైగా నీరు వెళ్లింది. ఏటిగట్టుకు అవతల, నది వైపున్న లంకల్లోకి మాత్రం మూడో హెచ్చరిక రాకముందే నీళ్లు వచ్చేస్తాయి. కాజ్‌వేలు మునిగిపోతే పడవే దిక్కు.

చాలాచోట్ల ఊరు మెరక మీద, పేట పల్లంలో ఉంటుంది. ఆ తేడా గోదావరి పెట్టింది కాదు. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో కులం తేల్చింది, తర్వాత ఇళ్ల స్థలాల పట్టాలూ చాలావరకు అదే పల్లంలో ఇచ్చారు. అందుకే దళితపేటలో వరద ముప్పు తగ్గించడమంటే గట్టు ఎత్తు పెంచడం ఒక్కటే కాదు. మెరక మీద స్థలం, ఇంటి కాగితం, నష్టం జాబితాలో పేరు కూడా కావాలి.

జాబితా దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతోంది. 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన సాయం నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కాదైనా కచ్చాదైనా, 1,20,000 రూపాయలు. అదే గుడిసె అయితే 8,000. మట్టిగోడ, తాటాకు కప్పు ఉన్న ఇంటిని సర్వేకు వచ్చిన ఉద్యోగి 'కచ్చా ఇల్లు' అని రాస్తాడా, 'గుడిసె' అని రాస్తాడా అన్న ఒక్క మాట మీద 1,12,000 రూపాయలు ఆధారపడి ఉన్నాయి. పైగా అది అనుమతి ఉన్న కట్టడమని అధికారులు ధ్రువీకరించాలి. గట్టు పోరంబోకులో ఉంటున్నవాళ్లు అక్కడే జారిపోతారు. కాబట్టి ఏ ఇల్లు ఏ రకమో, గోడలూ కప్పూ కనిపించేలా ఫోటోలు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు వేసవిలోనే పోగుచేసి ఉంచాలి. ఇల్లు కొట్టుకుపోయాక రుజువూ దానితోనే పోతుంది.

పంట సంగతీ ఇంతే. లంకలో అరటి, కూరగాయలు వేసేవాళ్లలో కౌలుదారులు ఎక్కువ. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు.

చట్టంలో పట్టుకోదగ్గవి ఉన్నాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయం, పరిహారం ఇవ్వడంలో కుల వివక్షను నిషేధిస్తుంది. 31వ సెక్షన్ ప్రకారం జిల్లా ప్రణాళికలో ముప్పున్న ప్రాంతాలు గుర్తించి, ఏటా సవరించాలి. సమాచార హక్కు కింద ఆ ప్రణాళిక అడిగి చూడండి: మన పేట పేరు అందులో ఉందా, పడవ ఎక్కడి నుంచి వస్తుందని రాశారు? పేరు లేకపోతే గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరుకు పంపాలి, రసీదు తీసుకోవాలి.

పునరావాస కేంద్రాలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి అని ప్రమాణం పెట్టింది. కేంద్రం ఏ బడిలో పెడుతున్నారు, అక్కడ వంట ఎవరు చేస్తారు, కుళాయి అందరూ ముట్టుకోవచ్చా అన్నవి మే నెలలోనే తహసీల్దారు సమక్షంలో తేల్చుకోవాలి. వరద రోజున పిల్లలను ఎత్తుకుని తడిసి వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర ఆపితే, అప్పుడు వాదించే ఓపిక ఎవరికి ఉంటుంది?