పిడికెడు బియ్యంతో నిలిచిన గ్రంథాలయాలు

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ సభను వెనక ఉండి నడిపించినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. ఊరూరా గ్రంథాలయం రావాలన్నది ఆయన పట్టుదల. మరి డబ్బు?

జమీందారుల విరాళాలు కొన్ని చోట్ల అందాయి. చాలా పల్లెలకు మాత్రం పిడికెడు బియ్యమే దిక్కు. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది. కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసి, అమ్మి, ఆ డబ్బు గ్రంథాలయానికి వాడేవారు. పెళ్లిళ్లలోనూ చందా అడిగేవారు. చదువురాని ఇంటి నుంచి కూడా బియ్యం వచ్చింది కనుకే అది ఊరందరి గ్రంథాలయమైంది. ఈ గ్రంథాలయోద్యమంలో అన్నిటికన్నా గొప్ప సంగతి ఇదే.

గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం ఇంకో అడుగు వేశారు. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో తిరిగే పడవలోకి పుస్తకాలు ఎక్కించారు. గంటల తరబడి సాగే ప్రయాణంలో జనం చదువుకునేవారు.

ఆ గుప్పెడు బియ్యం తర్వాత పన్ను రూపంలో చట్టంలోకి వచ్చింది. 1948 మద్రాసు చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం ఇంటి పన్నుపై గ్రంథాలయ సెస్సు విధించాయి. తర్వాత అది పన్ను రూపాయికి 8 పైసలైంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టాలి. చాలాచోట్ల ఆ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం అన్యాయం. పత్రికలు కొనాల్సింది ఆ పైసలతోనే.