గోడలు లేని చెఱసాల

చెఱసాల యనగానే మనకు ఎత్తైన గోడయు, ఇనుప కటకటాలును, తాళపుచెవుల గుత్తియు స్ఫురించును. అట్టి గోడ లేని చెఱసాల యొకటి మన షోలాపూరునకు పడమటి దిక్కున, సాంగ్లీ జిల్లా ఆటపాడి తాలూకాలో, ఎనుబది యేండ్లకు పైగా నున్నదని మనలో చాలమంది యెఱుగరు. నేనును ఉద్యోగవిరమణానంతరమే యెఱిగితిని. మన సంచికకు సంస్కృతిని గూర్చి వ్రాయుమని కార్యదర్శి గారు కోరిరి. తప్పు చేసిన మనుష్యుని పట్ల మనమెట్లు వర్తింపవలె ననునదియు సంస్కృతికి సంబంధించిన ప్రశ్నయే గావున, ఆ చెఱసాల చరిత్రను పాఠకులకు విన్నవించుకొనుచున్నాను.

ఆంగ్లేయులు 1894లో చేసిన కారాగార చట్టము ముఖ్యముగా ఖైదీలను భద్రపఱచుట, వారిచే పని చేయించుట, కట్టు దప్పినవారిని దండించుట అను విషయములను గూర్చినది. ఖైదీని మంచివానిగా మార్చుట కారాగారముల ధ్యేయము కావలెనని 1919-20 నాటి భారత కారాగార సంఘము చెప్పినది. ఆ సంఘమునకు అధ్యక్షుడు చెన్నపట్టణపు ప్రభుత్వమున పనిచేసిన సర్ అలెగ్జాండర్ కార్డ్యూ. మాట మంచిదే; కాని గోడలు గోడలుగానే నిలిచెను.

ఆ కాలమున ఈ ప్రాంతమున ఔంధు అను చిన్న సంస్థానము కలదు. దాని ప్రభువు భవానరావు పంత ప్రతినిధి, సూర్యనమస్కారములను దేశమంతట ప్రచారము చేసిన పెద్దమనిషి. ఆయన గాంధీ మహాత్ముని సలహాపై 1939లో తన యధికారమును ప్రజల కప్పగించుచు రాజ్యాంగమును ప్రకటించెను. ఈ కార్యమున ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు ఇద్దరు. ఒకరు ఆయన కుమారుడు అప్పా పంత్. రెండవవాడు పోలెండు దేశీయుడైన యూదుడు, మారిస్ ఫ్రిడ్మన్ అను ఇంజనీరు. ఈయన బెంగుళూరులోని ప్రభుత్వ విద్యుత్ కర్మాగారమున పనిచేసి, పిదప భారతానందుడను పేర కాషాయము ధరించినవాడు.

ఖైదీలను కటకటాల వెనుక నుంచుటకు మారుగా నమ్మి బయట నుంచి చూడవలెనని ఫ్రిడ్మన్ తలంచెను. ప్రభువు సమ్మతించెను. 1939లో ఆటపాడి సమీపమున వెలసిన ఆ నివాసమునకు స్వతంత్రపురమని పేరు. ఖైదీల వాడకు స్వతంత్రమను పేరు పెట్టుటయే యొక పాఠము. అచ్చట ఖైదీలు పొలము దున్నుదురు, పంట పండింతురు, ఆలుబిడ్డలతో కాపురముందురు. ఔంధు సంస్థానము 1948లో బొంబాయి రాష్ట్రమున విలీనమైనను స్వతంత్రపురము నిలిచినది.

ఖైదీ పాఱిపోడా యని సందేహము కలుగవచ్చును. తన ఇల్లాలు పొయ్యి రాజేయుచుండగా, తాను నీరు కట్టిన చేను తలయెత్తుచుండగా, వాడెక్కడికి పాఱిపోవును? మామూలు చెఱసాలలో నేరము చేసినవాడొక్కడైనను శిక్ష ఇల్లంతయు ననుభవించును. స్వతంత్రపురమున ఆ యింటినే ఖైదీని దిద్దుటకు సాధనముగా చేసికొనిరి. ఇందలి రహస్యమంతయు నిదియే.

శాంతారాము గారి 1957 నాటి హిందీ చిత్రము “దో ఆంఖే బారహ్ హాథ్” ఈ ప్రయోగమును బట్టి పుట్టినదే. దాని కథకుడు గ. ది. మాడ్గూళ్కరు జన్మించిన శేట్ఫళే గ్రామమును ఆటపాడి తాలూకాలోనిదే. ఆ కథను 1975లో తమిళమున రామచంద్రన్ గారును, 1976లో “మా దైవం” అను పేర తెలుగున రామారావు గారును నటించి చూపిరి. మనమును చూచితిమి, కంటతడి పెట్టితిమి, బయటికి వచ్చి మరచితిమి.

హైదరాబాదులో మౌలాలి వద్ద 1954లోను, అనంతపురమున 1965లోను గోడలు లేని చెఱసాలలు వెలసెను. బెంగుళూరు ఖైదీ యొకడు వ్రాసిన ఉత్తరమును విచారించి, 1996లో సుప్రీముకోర్టు ఇట్టివానిని ప్రోత్సహింపవలెననెను. ఖైదీలకు న్యాయమైన కూలి యీయవలెననియు, అందు కొంత భాగము నేరము వలన నష్టపడినవారికి చేరునట్లు చట్టము చేయుట నాలోచింపవలెననియు 1998లో చెప్పెను. ఈ రెండవ మాట మిక్కిలి లోతైనది. తప్పు చేసినవాడు సర్కారుకు మాత్రమే కాక, తాను నొప్పించినవానికిని ఋణపడినాడని దాని భావము. కొన్ని చిన్న నేరములకు సమాజసేవయే శిక్షగా విధించు నూతన చట్టము 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఇంత జరిగినను చేయవలసినది కొండంత యున్నది. 2022 సంవత్సరాంతమున దేశపు చెఱసాలలలో నున్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. స్వతంత్రపురము వంటి వాడలు శిక్ష పడినవారికే గావున, వీరికి వాని తలుపులు తెఱచుకొనవు.

ఇక నా తప్పును చెప్పుకొందును. సుమారు ముప్పది యేండ్ల క్రిందట మా వీధి నేతవారి పిల్లవాడొకడు నూలు దొంగిలించిన నేరమునకు రెండేండ్లు చెఱలో నుండి తిరిగి వచ్చెను. మగ్గము మీద పని యిచ్చుటకు కార్ఖానా యజమాని పెద్దమనిషి పూచీ చీటీ యడిగెను. కుఱ్ఱవాడు నా గడపలో నిలిచి, “కాకా, నా కోసం ఒక్క మాట రాసియ్యుండ్రి” అనెను. నేను గుమాస్తాను, దినమునకు నూరు కాగితములు వ్రాయువాడను. ఆ యొక్క కాగితము వ్రాయుటకు నా చేయి రాలేదు. రేపు రమ్మంటిని. మూడు రేపులు గడచెను. నాలుగవ నాడు తల్లిని వెంటబెట్టుకొని ఊరు విడిచెను. న్యాయస్థానము వానికి రెండేండ్లు విధించినది. మేము దానికి గడువులేని శిక్షను చేర్చితిమి. పరదేశపు ఇంజనీరు హంతకులను నమ్మినాడని చదివిన నాడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆ కుఱ్ఱవాని ముఖమే.

సోదరులారా! మన తాతలు మగ్గపు పనియు నోటి మాటయు తప్ప వేరు ఆస్తి లేక ఈ యూరు చేరిరి. మన భాష తెలియని మరాఠీ సోదరులు ఇల్లు బాడుగ కిచ్చిరి, దుకాణములో అరువు పెట్టిరి. ఒకరి నమ్మకము మీద నిలిచిన కుటుంబములు మనవి. చెఱ నుండి వచ్చిన మనవానికి పూచీ నిలుచుటకును, పని చూపుటకును, వాని వలన నష్టపడిన యింటికి వానిని వెంటబెట్టుకొని పోయి సమాధానపఱచుటకును మన సంఘమున నలుగురు పెద్దలు ముందుకు వచ్చిన చాలును. చీటీ వ్రాయుటకు నేనున్నాను. ఈ మారు రేపు రమ్మనను.